నడుం బిళ్ళ

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, నాకంటే రెండేళ్ళు ముందు చేరిన ఒక ఆడ కండక్టరు నాకు రెండు సంగతులు చెప్పింది. డ్రైవరుతో గొడవ పెట్టుకోవద్దు, డ్యూటీకి ముందు నీళ్ళు తాగొద్దు అని. మొదటిది నా వల్ల కాలేదు. రెండోది ఇరవై ఆరేళ్ళు తు.చ. తప్పకుండా పాటించాను.

నా బస్సు రాజమండ్రి నుంచి రామచంద్రపురం వెళ్తుంది. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి రోజుకి రెండుసార్లు వెళ్ళి రావాలి. మగవాళ్ళకి ఇబ్బంది లేదు, ఏ కాలవ గట్టునో బస్సు ఆపి అలా దిగి ఇలా వచ్చేస్తారు. మేము బస్టాండు చేరేదాకా ఆగాలి, చేరాక గొళ్ళెం పడే తలుపు దొరకాలి. అంచేత పొద్దున్నే అరగ్లాసు కాఫీ తప్ప నోట్లో ఏమీ పోసుకోకుండా బస్సెక్కేదాన్ని. వెళ్ళే ట్రిప్పూ వచ్చే ట్రిప్పూ కలిపి ఒక్కసారి కూడా దిగకుండా నడిపిన రోజులున్నాయి. కొత్తగా చేరిన ఆడపిల్లలకి ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొప్పేంటో నాకే అర్థం కాదు.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, అత్తయ్యగారు. మా ఆయన కడియంలో ఒక నర్సరీలో మొక్కల లోడింగు చూసుకుంటారు. మామయ్యగారు పోయిన తర్వాత అత్తయ్యగారికి నిద్ర పట్టకపోతే, డాక్టరుగారు నెల రోజులు వాడమని నిద్రమాత్ర రాశారు. ఆ నెల నాలుగేళ్ళయింది. రాసిచ్చిన చీటీ ఎప్పుడో పోయింది. ఖాళీ అట్ట తీసుకెళ్ళి చూపిస్తే మందుల షాపతను అలాంటిదే ఇంకోటి ఇచ్చేస్తాడు. ఏడున్నరకి ఆవిడకి అన్నం, ఎనిమిదింటికి మాత్ర. ఆవిడ పడుకుంటేనే నేను పడుకోగలను, నేను పడుకుంటేనే మూడున్నరకి లేవగలను.

ఆ మాత్ర మొదలుపెట్టిన ఆరేడు నెలలకి ఆవిడకి పక్క తడవడం మొదలైంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి కదా, వయసు అనుకున్నాం. రబ్బరు షీటు కొన్నాను. సాయంత్రం నాలుగు దాటాక మంచినీళ్ళు ఇవ్వకూడదని ఇంట్లో ఒక రూలు పెట్టాను. నేను పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చాను, ఆవిడ సాయంత్రం నుంచి ఆగలేదా అని నా వాదన. తెల్లారగట్ల డ్యూటీకి పోయే హడావిడిలో ఆ దుప్పట్లు బకెట్లో పడేస్తూ, "కాస్త ముందే లేవొచ్చు కదా అత్తయ్యా, చిన్నపిల్లా మీరు?" అనేదాన్ని. నాది కండక్టరు గొంతు, వెనక సీటు దాకా వినబడాలి. పక్కింటికి వినబడి ఉండదని ఎలా అనుకోను?

ఆవిడ ఎదురు చెప్పేది కాదు. శనివారాలు రామాలయంలో భజనకి వెళ్ళడం మాత్రం మానేసింది. ఎందుకంటే మోకాళ్ళు అంది. నేను మోకాళ్ళకి నూనె తెచ్చిపెట్టాను.

నా సంగతి కిందటేడాది మొదలైంది. ముందు దగ్గితే ఒక చుక్క, తుమ్మితే ఒక చుక్క. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఒక కాన్పు అయింది, ఇదంతా మామూలే అనుకున్నాను. పాత చీర చింపి మడత పెట్టుకున్నాను. తర్వాత అది చాలక మందుల షాపులో ప్యాడ్లు కొన్నాను. షాపతను కాగితంలో చుడుతూ ఒకసారి నా తల నెరుపు కేసి చూశాడు. "మా అమ్మాయికి," అన్నాను. నాకున్నది ఒక్కడే కొడుకు, వాడికి పెళ్ళయి వేరే కాపురం ఉంటున్నాడు. కానీ ఆ షాపులో మాత్రం నాకు ఇప్పటికీ ఒక కూతురుంది.

ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం చేశాక మా బస్సుల్లో నిలబడటానికి కూడా చోటు ఉండటం లేదు. డబ్బులు తీసుకోకపోయినా టికెట్టు కొట్టి ఇవ్వాల్సిందే, అంటే ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళాల్సిందే. ముందు తలుపు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి, స్కూలు బ్యాగుల మధ్య, కొబ్బరికాయల సంచుల మధ్య ఒత్తుకుంటూ పోతాను. ఒకరోజు మధ్యాహ్నం చివరి ట్రిప్పులో మండపేట దాటాక, ఎండుగడ్డి ట్రాక్టరు అడ్డం వచ్చి మా డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. రెండు చేతులా పైన రాడ్డు పట్టుకున్నాను. పడలేదు. కానీ కింద మొత్తం వదిలేసింది. చుక్కలు కాదు, మొత్తం. ఆపుదామని చూశాను, ఆపడానికి అక్కడ ఏమీ లేనట్టు అనిపించింది.

చీర మీద ఖాకీ కోటు ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. నా సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను, రాజమండ్రి దాకా లేవలేదు. అందరినీ నా దగ్గరికే వచ్చి టికెట్టు తీసుకోమంటే జనం సణుక్కున్నారు. కాసేపటికి నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ ముక్కు ఎగబీల్చి, "ఎవరో పిల్లాడి చేత బస్సులోనే పోయించేసినట్టున్నారండి," అంది. అందరూ పిల్లాడి కోసం చూశారు. నేనూ చూశాను. మూడో సీట్లో చంటిపిల్లాడిని ఎత్తుకుని ఒక చిన్నమ్మాయి ఉంది. "మావాడు కాదండి, చూడండి, లాగు పొడిగానే ఉంది," అని ఆ అమ్మాయి అందరికీ పిల్లాడి లాగు చూపించింది. ఎవరూ నమ్మలేదు. బస్సు నాది, నేనొక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయి కడియంలో దిగిపోయింది. ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపట్టలేను. ఆ రోజు నామీద నాకు కలిగిన అసహ్యం మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఆ సాయంత్రమే, ఆరోగ్యం బాగాలేదు కాబట్టి స్వచ్ఛందంగా పదవీ విరమణ చేస్తానని ఉత్తరం రాశాను. నాకింకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. నాకు బస్సంటే ఇష్టం. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం గురించి ఎప్పుడూ తిట్టుకుంటూనే ఉంటాను కాబట్టి చెప్పినా నమ్మరు. ఇంట్లో నేను కోడలిని, భార్యని. బస్సులో నేను ఈల ఊదితే బండి కదులుతుంది. ఆ ఉత్తరం రాస్తుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి, రెండుసార్లు కాగితం మార్చాల్సి వచ్చింది.

మర్నాడు మా డ్రైవరుకి చెప్పాను. పన్నెండేళ్ళుగా నాతో గొడవపడుతూ నడుపుతున్నాడు, నన్ను అక్కా అంటాడు.

"ఏమైందండక్కా, నడుమేనా?" అన్నాడు.

"నడుమే," అన్నాను.

"నడుం నొప్పి లేని కండక్టరు ఎవరండి? నెల్రోజులు ఆగండి. ఈలోపు డాక్టరుకి చూపించుకోండి. తగ్గకపోతే నేనే తీసుకెళ్ళి డిపో మేనేజరు గారి చేతికి ఇస్తాను ఆ ఉత్తరం, ఆయ్."

నెల ఆగడానికి ఒప్పుకున్నాను. ఉత్తరం బ్యాగులోనే ఉంచుకున్నాను.

మా ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన వెంటనే సెల్లు తీసి, ఆడవాళ్ళ డాక్టరు ఎవరున్నారో కనుక్కున్నారు. డాక్టరమ్మ రాజమండ్రిలోనే, మంచి మనిషి. స్కానింగు తీయించింది, మూత్రం పరీక్ష చేయించింది. చీము లేదు, రాయి లేదు, షుగరు లేదు. చీటీ మీద రాసుకుంటూ, "మందులేమైనా వాడుతున్నారా అండి?" అని అడిగింది.

"ఏమీ లేవండి."

"బీపీకి గానీ, థైరాయిడ్‌కి గానీ?"

"అసలు నేను మందులు వేసుకునే మనిషిని కాదండి," అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మూత్రాన్ని పట్టి ఉంచే అడుగు కండరాలు బలహీనపడి ఉంటాయని ఆవిడ చెప్పింది. లోపల చిన్న పట్టీ వేసి ఆసరా ఇచ్చే ఆపరేషను ఉంది, కానీ ముందు ఒక నెల వ్యాయామం చేసి చూద్దాం, పని చేయకపోతే అప్పుడు ఆలోచిద్దాం అంది. డ్రైవరూ నెలే అన్నాడు, డాక్టరూ నెలే అంది. ఆ నెల మీద నా ఆరేళ్ళు ఆధారపడ్డాయి.

వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు పాతికేళ్ళ అమ్మాయి. మొదటిసారి నా వారం సెలవు రోజు పొద్దున తొమ్మిదింటికి రమ్మంది. చేతికి గ్లవుజు వేసుకుని లోపల వేలితో పరీక్ష చేస్తూ, మూత్రం ఆపుకున్నట్టు కండరాన్ని బిగించమంది, వదలమనేదాకా వదలొద్దంది. సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి బిగించాను. పది అంకెలు లెక్కపెట్టింది. మళ్ళీ బిగించమంది, మళ్ళీ పది. అలా ఎనిమిదిసార్లు చేయించింది.

"మీ కండరం బావుందండి," అంది ఆశ్చర్యంగా. "మీరు చెప్పేదానికీ దీనికీ పొంతన కుదరట్లేదు. ఈసారి డ్యూటీ అవ్వగానే ఇటే రండి, ఇంటికెళ్ళొద్దు."

నాలుగు రోజుల తర్వాత ఖాకీ కోటు మీదే వెళ్ళాను. అప్పటికి మూడున్నర అయి ఉంటుంది. ఈసారి మొదటిదే మూడు అంకెలకి జారిపోయింది. రెండోసారి రెండుకి. నాలుగోసారి నేను బిగిస్తున్నాననే అనుకుంటున్నాను, ఆ అమ్మాయి "బిగించండి" అంటోంది. బిగించానన్నాను. నాకేమీ తెలియట్లేదంది.

కండరానికి బలం ఉండటం ఒకటి, ఆ బలం ఎంతసేపు నిలుస్తుందన్నది ఇంకొకటి అని వివరించింది. మొదటిసారి బాగానే లాగిన చెయ్యి ఇరవయ్యో బకెట్టు తోడేసరికి వణుకుతుంది కదా, అలా అడుగు కండరం కూడా అలిసిపోతుందట. "కానీ ఇంత తేడా అలుపు ఒక్కదాని వల్లే రాకూడదండి. మనిషే మారినట్టుంది," అంది. వారం రోజులు రాసి తెమ్మంది. ఎప్పుడు ఏం తాగాను, ఎప్పుడు పడింది, దగ్గితే పడిందా, ఊరికే పడిందా, ఎంత పడింది.

రాయడం నాకు కొత్త కాదు. టికెట్టు మిషన్లు రాకముందు, ప్రతి స్టేజి దగ్గరా బస్సులో ఎంతమంది ఉన్నారో ఒక కాగితం మీద గడుల్లో రాసేవాళ్ళం. ఊగే బస్సులో నిలబడి రాసినా నా గడి దాటి అంకె బయటికి పోయేది కాదు. అదే పద్ధతిలో ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టుకున్నాను. వారం తర్వాత తీసుకెళ్ళి ఇస్తే ఆ అమ్మాయి తిప్పి తిప్పి చూసింది.

"ఇదేంటండీ, నేను టైము రాయమంటే మీరు ఊళ్ళు రాసుకొచ్చారు?"

నిజమే. 'కడియం, బ్రేకు, లేదు. ద్వారపూడి, తుమ్ము, లేదు. మండపేట, గుంత, లేదు.' అన్నీ అలాగే ఉన్నాయి. నా గడియారం అదే. ఏ ఊళ్ళో ఉన్నానో తెలిస్తే ఎంతయిందో చెప్పగలను గానీ, ఎంతయిందో చెప్పి ఎక్కడున్నావంటే ఆలోచించుకోవాలి.

"నాకు ఇలాగే తెలుస్తుందండి. కావాలంటే పక్కన టైములు వేసిస్తాను," అన్నాను కొంచెం విసురుగా.

"వద్దు, ఉండండి," అంది. కాగితం బల్ల మీద పెట్టి వేలితో గీసుకుంటూ చూసింది. "పొద్దుటి ట్రిప్పులో కడియం దగ్గర లేదు. మళ్ళీ లేదు. ఇక్కడా లేదు. చివరి ట్రిప్పులో అదే కడియం, 'ఎక్కువ', 'ఎక్కువ', 'కొద్దిగా', 'ఎక్కువ'. రోడ్డు ఒకటే కదండి?"

"ఒకటే."

"బస్సు?"

"అదే బస్సు. నేనూ నేనే."

"చివరి ట్రిప్పులో కూడా రామచంద్రపురంలో దగ్గారు, ఏమీ లేదు. మండపేట దాటాకే అన్నీ. గురువారం మాత్రం చివరి ట్రిప్పులో కూడా అన్నీ 'లేదు' ఉన్నాయి. గురువారం ఏమైనా సెలవు పెట్టారా?"

"లేదండి. గురువారం ఇంకా రద్దీ."

"మరి రామచంద్రపురంలో రోజూ ఏం చేస్తారు?"

"ఏం చేస్తామండీ, క్యారేజీలు విప్పుకుని అన్నాలు తింటాం."

"తిన్నాక?"

"తిన్నాక వక్కపొడి, నడుం బిళ్ళ. వెంటనే బండెక్కడమే."

ఆ అమ్మాయి కాగితం మీంచి తలెత్తింది. "నడుం బిళ్ళ అంటే ఏంటండీ?"

ఇక్కడ మా డబ్బా గురించి చెప్పాలి. మేము భోజనం చేసే గదిలో కిటికీ దగ్గర ఒక పాత వక్కపొడి డబ్బా ఉంటుంది. దాంట్లో ఒక పక్క వక్కపొడి, ఒక పక్క పట్టుకుని వదలని నడుముకి వేసుకునే బిళ్ళలు. ఎవరు తెచ్చి పడేస్తారో చెప్పలేం, తలా ఒకసారి. అట్టలు కత్తిరించి వేస్తారు కాబట్టి వాటి పేరు సగం ఉంటే సగం ఉండదు. అన్నం అయ్యాక డబ్బా చేతులు మారుతూ అందరి దగ్గరికీ వస్తుంది. వద్దంటే, "ఏం, ఇవాళ నడుం బావుందా?" అని వేళాకోళం చేస్తారు. నాకు రెండేళ్ళ కిందట నడుం పట్టేసినప్పుడు ఆ డబ్బాలోదే మొదటి బిళ్ళ వేసుకున్నాను. తర్వాత నొప్పి ఉన్న రోజు ఒకటి, తర్వాత రోజుకొకటి, జాతరలకీ పెళ్ళిళ్ళకీ బస్సు కిక్కిరిసిన రోజు రెండు. టీ తాగుతామని డాక్టరుకి చెప్పనట్టే అదీ చెప్పలేదు. కావాలని దాచింది కాదు, మందుల లెక్కలో అది నాకు ఎప్పుడూ రాలేదు. గురువారం డబ్బాలో బిళ్ళలు అయిపోయాయి.

బ్యాగులో ఒక ముక్క ఉంటే తీసి చూపించాను. వెనక అక్షరాలు వెలుతురుకి పెట్టి చదివింది ఆ అమ్మాయి. ఫోనులో చూసింది, డాక్టరమ్మకి ఫోను చేసి మాట్లాడింది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇది నొప్పి మాత్ర ఒక్కటే కాదు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే మందు కూడా దాంట్లోనే ఉంది. మింగిన గంటకల్లా పట్టు వదిలిస్తుంది. "అది నడుం ఎక్కడుందో వెతుక్కుని అక్కడికే వెళ్ళదండి. ఒళ్ళంతా తిరుగుతుంది. మీ నడుముతో పాటు అడుగు కండరం కూడా వదులవుతోంది. అసలే పొద్దుటి నుంచి నిలబడి అలిసిపోయి ఉంటుంది, దాని మీద ఇది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఎదురుగా ఉన్న ఆ అమ్మాయి మీద చూపించాను. "మీరు రోజూ ఎనిమిది గంటలు బస్సులో నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది నడుమంటే ఏంటో. అది లేకపోతే నేను చివరి ట్రిప్పు చేయలేను."

"చేయలేరేమోనండి," అంది, నిమ్మళంగానే. "రెండు వారాలు మానేసి చూడండి. డాక్టరుగారు ఒప్పుకున్నారు. నడుముకి వేరే వ్యాయామాలు చెప్తాను. ఇలాంటివి ఇంకా ఉన్నాయండి, కొన్ని రకాల బీపీ మాత్రలు, నిద్రమాత్రలు. పెద్దవాళ్ళకి నిద్రమాత్రలతో మరీ ఎక్కువ. కండరాన్ని వదులు చేస్తాయి, పైగా లేవాలన్న తెలివి రానివ్వవు."

నేను తలాడించాను. నడుం బెల్టు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. కిందికి దిగి ఆటో ఎక్కాను. ఆటో మా వీధి మలుపు తిరిగేటప్పుడు ఆ చివరి మాట నాకు తగిలింది. ఇంటికెళ్ళేసరికి అత్తయ్యగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టైము నాలుగున్నర. ఆవిడ పక్కన మంచినీళ్ళ గ్లాసు బోర్లించి ఉంది. నేను నేరుగా లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడే ఆవిడ నిద్రమాత్ర అట్ట పట్టుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాను. ఎన్నాళ్ళ నుంచి అంటే నాలుగేళ్ళన్నాను. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బావుండేది. ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం, అలవాటు పడ్డ ఒళ్ళు తిరగబడుతుంది, మెల్లగా తగ్గించాలి అంది. ముందు ముప్పావు, కొన్ని వారాలకి సగం, తర్వాత పావు, ఎప్పుడెంత అన్నది కాగితం మీద రాసిచ్చింది. నాలుగింటి తర్వాత నీళ్ళివ్వడం లేదని చెబితే మాత్రం కళ్ళద్దాలు తీసి నాకేసి చూసింది. "దాహమేస్తే ఇవ్వండమ్మా. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి ఇంకా మంట పెడుతుంది," అంది. డ్యూటీలో నన్ను కూడా తాగమంది. ఇంట్లో ఆ రూలు ఎత్తేశాను గానీ, నాలుగు దాటాక అత్తయ్యగారు నన్ను అడక్కుండా నీళ్ళు ముట్టేది కాదు.

నడుం బిళ్ళ మానేసిన మొదటి వారం నరకం. రామచంద్రపురంలో డబ్బా నా దగ్గరికి వస్తే వక్కపొడి తీసుకుని పక్కవాళ్ళకి ఇచ్చేదాన్ని. మండపేట వచ్చేసరికి నడుములో ఎవరో మేకు దింపుతున్నట్టు ఉండేది. నోటికొచ్చినట్టు అందరినీ కసిరాను. మా డ్రైవరు రెండు రోజులు చూసి, మూడో రోజు నా సీటుకి ఆనించుకోవడానికి ఒక చెక్కపలక, దాని మీద దూది కుట్టిన సంచీ తెచ్చి బిగించాడు. ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడ ఆనుకుని అడుగు కండరం బిగించి వదిలే వ్యాయామం చేసేదాన్ని. ఒక టికెట్టు కొట్టేంతసేపు బిగించడం, రెండు టికెట్లు కొట్టేంతసేపు వదలడం. ఎవరికీ తెలిసేది కాదు. రెండో వారంలో నా కాగితం మీద మండపేట దాటాక కూడా 'లేదు' అని పడింది. ద్వారపూడి దగ్గర లేదు. కడియం దగ్గర ఒక్కసారి తుమ్ముకి కొద్దిగా. ఫిజియో అమ్మాయి మళ్ళీ డ్యూటీ తర్వాత పరీక్ష చేస్తే ఏడు అంకెలు నిలిచింది, ఆరుసార్లు. ఆ అమ్మాయికంటే నేనే ముందు లెక్కపెట్టుకున్నాను.

నెల అయ్యేసరికి డ్రైవరు ఉత్తరం సంగతి అడిగాడు. చించేశానని చెప్పాను. "నడుం తగ్గిందాండక్కా?" అన్నాడు. తగ్గలేదన్నాను. అతనికి అర్థం కాలేదు. తర్వాతెప్పుడో ఆడ కండక్టర్లందరం ఉన్నప్పుడు మాత్రం ఉన్న విషయం చెప్పాను. అందరూ నవ్వారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు విడిగా వచ్చి, ఆ ఫిజియో అమ్మాయి ఎక్కడుంటుందని అడిగారు. డబ్బా ఇప్పటికీ ఆ కిటికీ దగ్గరే ఉంది. వక్కపొడి ఒక్కటే ఉంటుందని నేను చెప్పను.

అత్తయ్యగారికి మూడు నెలలు పట్టింది. మధ్యలో రెండు వారాలు ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు, మా ఆయన ఆవిడ గదిలోనే పడక వేసుకున్నారు. సగం మాత్రకి వచ్చేసరికి వారంలో మూడు రోజులు పక్క పొడిగా ఉంది. పావుకి వచ్చేసరికి తనే లేచి గోడ పట్టుకుని వెళ్ళి వస్తోంది. ఇప్పుడు మాత్ర లేదు. రబ్బరు షీటు కడిగి మడతపెట్టి అటక మీద పెట్టాను.

ఆ షీటు పెట్టిన రోజు నాకు సెలవు. సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చున్నాను. క్షమాపణ అడగాలని కూర్చున్నాను గానీ, నాకు ఆ మాటలు అలవాటు లేవు. "అంతా ఆ మాత్ర వల్లేనంటండి అత్తయ్యా. ఇన్నాళ్ళూ మీకూ తెలీదు, నాకూ తెలీదు," అన్నాను.

"నాకు తెలుసమ్మాయ్," అంది ఆవిడ.

నేను విన్నది నిజమేనా అని చూశాను.

"మొదటి ఏడాదే తెలిసింది. నువ్వో రోజు మాత్ర ఇవ్వడం మర్చిపోయావు. ఆ పొద్దున్న నా పక్క పొడిగా ఉంది. ఇంకోసారి నేనే మింగినట్టు చేసి కొంగులో పెట్టేసుకున్నాను. ఆ రోజూ బానే ఉంది."

"మరి చెప్పలేదేంటండి?"

"మాత్ర లేని రోజు నాకు నిద్రుండదు కదా. నేను లేచి తిరుగుతుంటే నువ్వూ లేచి కూర్చునేదానివి. అలా రెండ్రోజులు చూశాను. నిద్ర లేకుండానే డ్యూటీకెళ్ళావు. ఇలా అయితే ఉద్యోగం మానేయాల్సొస్తుందని మా అబ్బాయితో అంటుంటే విన్నాను. దుప్పటిదేముంది, ఉతికితే పోతుంది." విసనకర్ర అందుకుని, "ఆ కోటేసుకుని వెళ్తుంటే నువ్వు బావుంటావు," అంది.

నాకు ఒక్క మధ్యాహ్నం అలా జరిగితే ఆ సాయంత్రానికే ఉత్తరం రాసేశాను. ఆవిడ మూడేళ్ళు తెలిసి తెలిసి మింగింది. తెల్లవారుజామున నేను దుప్పట్లు బకెట్లో పడేస్తూ అరిచిన అరుపులన్నీ ఆ మూడేళ్ళలోనివే. నేను ఏడ్చాను, ఆవిడ ముందే. ఆవిడ నన్ను ఓదార్చలేదు, ఊరుకోమనీ అనలేదు. చేతిలో ఉన్న విసనకర్రతో తనకీ నాకూ కలిపి విసురుతూ కూర్చుంది.

కాసేపయ్యాక, "అమ్మాయ్, ఎంతయింది?" అని అడిగింది.

ఆరు దాటిందని చెప్పాను.

"అయితే కాసిని మంచినీళ్ళు తాగొచ్చంటావా?" అంది.

లేచి వెళ్ళి రెండు గ్లాసులతో తెచ్చాను. ఆవిడ ఒకటి తాగింది, నేను ఒకటి తాగాను.